గేజి నుంచి గాదె దాకా: ప్రాచీన ఈజిప్టును వరుసలో చూసిన నా అనుభవం

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. లస్కర్లు (కాలువ కాపలా సిబ్బంది) పొద్దున, సాయంత్రం కాలువ గేజి, అంటే నీటిమట్టం కొలిచే బద్ద, చదివి రిజిస్టరులో ఎక్కించిన అంకెలను సరిచూడటంతోనే నా ఉద్యోగకాలం చాలావరకు గడిచింది. అందుకే ప్రాచీన ఈజిప్టు అనగానే నాకు పిరమిడ్ల కంటే ముందు నైలు వరద గుర్తుకు వస్తుంది. ఆ వరదను కొలిచిన మనుషులు రాజ్యాన్ని ఎలా నిలబెట్టారో, ఆ రాజ్యం గాదెలు ఎలా నింపిందో, ఆ గాదెలోని గింజ పనివాడి ఇంటికి ఎలా చేరిందో ఆయా చోట్లకు వెళ్లి వరుసగా చూడాలన్నది ఎన్నో ఏళ్ల కోరిక. 2025 జనవరిలో నా భార్యతో కలిసి ఆ ప్రయాణం చేశాను. ఇదే దారిలో వెళ్లాలనుకునే వారికి ఎక్కడ ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ ఎంతసేపు ఆగవలసి వస్తుందో, ఏది మనసును పట్టుకుంటుందో తెలియాలని ఇది రాస్తున్నాను.

ఏర్పాట్లు 2024 సెప్టెంబరులో మొదలుపెట్టాను. ట్రావెల్స్ వారందరి ప్యాకేజీలూ ఇంచుమించు ఒక్కటే: కైరోలో పిరమిడ్లు, లక్సర్ నుంచి అస్వాన్‌కు నైలు మీద పడవ ప్రయాణం, చివర ఎర్రసముద్ర తీరంలో విశ్రాంతి. నేను అబిడోస్, మోఅల్లా, దెయిర్ ఎల్ మెదీనా అని అడిగితే ఒకాయన, "అక్కడ మట్టిగోడలు తప్ప ఏముంటాయి సార్" అన్నారు. చివరకు మా అమ్మాయి సాయంతో హోటళ్లు, రైలు, కార్లు విడివిడిగా మాట్లాడుకున్నాం. ఎడ్ఫూ పట్టణానికి ఉత్తరాన ఉన్న నెఖెన్‌ను కూడా చూడాలని అక్టోబరులోనే అనుమతి కోసం రాశాను. గ్రీకులు హైరాకొన్‌పొలిస్ అని పిలిచిన ఈ పట్టణం, రాజులు పుట్టకముందే జనంతో కిటకిటలాడిన చోటు. క్రీ.పూ. 3600 ప్రాంతంలోనే అక్కడ ధాన్యంతో బీరు కాచే బట్టీలుండేవి. డిసెంబరు చివరి దాకా ఎదురుచూశాను, మళ్లీ రాశాను, జవాబు రాలేదు. మొత్తం ప్రయాణంలో నాకు మిగిలిన పెద్ద వెలితి అదే. ఇలాంటి తవ్వకపు స్థలాలు చూడాలనుకునేవారు ఆరునెలల ముందే ప్రయత్నం మొదలుపెట్టడం మంచిది.

వీసా సంగతి అనుకున్నంత కష్టం కాలేదు. అమ్మాయి దగ్గరికి వెళ్లివచ్చిన అమెరికా వీసా మా ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ చెల్లుబాటులో ఉంది కనుక కైరో విమానాశ్రయంలో దిగాకే వీసా తీసుకునే వీలు కలిగింది. హైదరాబాద్ నుంచి జనవరి 11న బయలుదేరి, గల్ఫ్‌లో విమానం మారి, మర్నాడు కైరోలో దిగాం. రానూపోనూ టికెట్టు మనిషికి నలభై ఏడు వేల రూపాయలు పడింది. ఇమ్మిగ్రేషన్ వరుసకు ముందే ఉన్న బ్యాంకు కౌంటరులో తలా 25 డాలర్లు కడితే స్టిక్కరు చేతికిచ్చారు. డాలర్లు నోట్ల రూపంలో దగ్గర ఉంచుకోవాలి. అయితే కౌంటరు దాటాక ఒక అధికారి మా పాస్‌పోర్టులు తీసుకుని లోపలికి వెళ్లి ముప్పావుగంట దాకా తిరిగి రాలేదు. ఎవరిని అడిగినా కూర్చోమని చేయి చూపడమే తప్ప మాట లేదు. నా భార్య చేతిసంచి గట్టిగా పట్టుకుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. పాస్‌పోర్టులు తిరిగి వచ్చినప్పుడు ఆలస్యానికి కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు.

మర్నాడు తహ్రీర్ కూడలిలోని పాత మ్యూజియానికి వెళ్లాం. టికెట్టు అప్పుడు 550 పౌండ్లు పడింది. అప్పటి లెక్కలో ఈజిప్టు పౌండు మన రూపాయి డెబ్భై పైసలకు దగ్గర. కౌంటరులో నగదు తీసుకోలేదు, కార్డు గీయాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలాచోట్ల ఇదే పద్ధతి కనిపించింది. విదేశాల్లో పనిచేసే కార్డులు రెండైనా వెంట ఉండాలి, ఎందుకంటే మా కార్డుల్లో ఒకటి మొదటి రోజే మొరాయించింది. కొత్త మ్యూజియం గీజా దగ్గర ఉన్నా నేను ఇక్కడికి రావడానికి కారణం, దేశాన్ని ఏకం చేశాడని చెప్పే నార్మర్ రాజు పలక. 1897-98 తవ్వకాల్లో నెఖెన్‌లోనే దొరికిన ఈ రాతిపలక ఎత్తు 64 సెంటీమీటర్లు, వయసు ఐదువేల ఏళ్లు. ఒకవైపు రాజు దక్షిణ దేశపు తెల్ల కిరీటంతో శత్రువు జుట్టు పట్టి గద ఎత్తి ఉంటాడు, రెండోవైపు ఉత్తర దేశపు ఎర్ర కిరీటం పెట్టుకుని నడుస్తుంటాడు. నన్ను ఆపింది రాజు వెనుక ఉన్న చిన్న మనిషి. అతని చేతిలో రాజుగారి చెప్పులు, నీళ్ల చెంబు ఉన్నాయి. రాజ్యం పుట్టిన కథ చెప్పే తొలి బొమ్మల్లోనే చెప్పులు మోసే మనిషి ఉన్నాడు. అతణ్ణి రాజుకంటే చాలా చిన్నగా చెక్కారు. సమాజంలో ఎవరి స్థానం ఎంతో చెప్పడానికి ఆ శిల్పి ఇంకేమీ రాయనక్కర్లేకపోయింది.

పక్క గదుల్లో రాజులకు ముందరి కాలపు కుండలున్నాయి. అడుగు ఎర్రగా, మూతి నల్లగా ఉండే ఆ కుండలను చూసి నా భార్య, "ఇవి మన వైపు రాక్షసగుళ్లలో దొరికే కుండల్లాగే ఉన్నాయండీ" అంది. సంబంధం ఏమీ లేదు, కాలంలో వేల ఏళ్ల తేడా. కానీ కుండను బోర్లించి కాల్చితే మూతికి గాలి అందక నల్లబడుతుందన్న కిటుకును ఇద్దరూ ఎవరికి వారే కనిపెట్టారు. సహారా పచ్చగా ఉన్న రోజుల్లో అక్కడ పశువులు మేపుకున్న జనం, వానలు తగ్గి నేల ఎండిపోతున్న కొద్దీ నది ఒడ్డుకు చేరారు. బదారీ, నకాదా ఊళ్ల శ్మశానాల్లో దొరికిన ఈ కుండలు వారి సంతతివి. నెఖెన్‌కు వెళ్లలేకపోయిన నాకు, అక్కడి నూరో నంబరు సమాధి గోడ మీది రంగుబొమ్మల ముక్కలు ఇక్కడ కనిపించడం కొంత ఊరట. వాటి మీద వరుసగా పడవలున్నాయి. ఆ దేశంలో అధికారం మొదటినుంచీ నీళ్ల మీదనే ప్రయాణం చేసిందని ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడు అనిపించింది.

జనవరి 14, సంక్రాంతి నాడు సక్కారాలో ఉన్నాం. పండగపూట ఇల్లు వదిలి వచ్చామన్న దిగులు నా భార్యకు పొద్దుటినుంచే ఉంది. క్రీ.పూ. 2670 ప్రాంతంలో జోసర్ రాజుకు ఇమ్‌హోతెప్ కట్టించిన మెట్ల పిరమిడ్ చుట్టూ తిరిగాం. ఆరు అంతస్తులుగా 62 మీటర్లు లేచిన ఆ కట్టడాన్ని ఇంజనీరుగా చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది. కానీ ఆ రోజంతా నాకు గుర్తుండిపోయింది మెరెరుకా సమాధి. ఇతను ఆరో వంశపు తెతి రాజు మంత్రి. ముప్పైకి పైగా గదులున్న అతని సమాధి గోడల మీద దుక్కి, కోత, నూర్పిడి, పశువుల మేత, చేపల వేట, వంట, అన్నీ ఉన్నాయి. కొడవళ్లతో వరుసగా వంగి కోస్తున్న మనుషులను చూసి నా భార్య ముఖం విప్పారింది. పండగ ఇక్కడే దొరికిందని సంతోషపడింది.

అదే సమాధిలో మరో దృశ్యం ఉంది. శిస్తు సరిగా కట్టని ఊరిపెద్దలను మెడలు వంచి లాక్కొస్తున్నారు. లేఖకులు ఒడిలో చుట్టలు పరుచుకుని కూర్చుని లెక్కలు రాస్తున్నారు. ఒకణ్ణి గుంజకు కట్టి కొడుతున్నారు. దగ్గరగా వంగి చూస్తే, కొట్టేవాడి చేయి పైకి లేచి ఉన్నా లేఖకుడు తల ఎత్తలేదు. పిరమిడ్‌ను రాళ్లు నిలబెట్టాయని మనం అనుకుంటాం గాని, దాన్ని నిలబెట్టింది ఈ లెక్కలే. మంత్రిగారు ఇది సిగ్గుపడే విషయంగా అనుకోలేదు, తన సమర్థతకు గుర్తుగా గోడమీద చెక్కించుకున్నాడు. సమాధి కాపలాదారు దీపం పట్టుకుని ఓపికగా నిలబడ్డాడు. యాభై పౌండ్లు ఇచ్చాను. ఇలాంటి వారికి ఇవ్వడానికి పది, ఇరవై, యాభై నోట్లు రోజూ పొద్దున్నే జేబులో ఉంచుకోవాలి, పెద్ద నోటుకు చిల్లర ఎక్కడా దొరకదు.

గీజా గురించి అందరికీ తెలుసు కనుక ఎక్కువ రాయను. పిరమిడ్ల పీఠభూమి టికెట్టు అప్పుడు 700 పౌండ్లు పడింది. ఒంటెవాళ్ల ఒత్తిడి తట్టుకోవాలంటే వారివైపు చూడకుండా నడవడమే మార్గం. నేను దక్షిణాన పాత రాతిగోడ వరకు నడిచి, దాని అవతల ఉన్న పనివారి ఊరి వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. అక్కడ రొట్టెల బట్టీలు, నిద్రశాలలు, పశువుల ఎముకలు బయటపడ్డాయి. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో దొరికిన పపైరస్ కాగితాలలో మెరెర్ అనే మేస్త్రీ దినచర్య ఉంది. ఖుఫు రాజు పిరమిడ్ కోసం తూరా గని నుంచి సున్నపురాయిని పడవల మీద తెచ్చిన వైనాన్ని అతను రోజువారీగా రాసుకున్నాడు. నలభైమంది దాకా ఉన్న తన జట్టుకు వచ్చే తిండి లెక్కలు కూడా ఆ కాగితాల్లో ఉన్నాయి. నా ఉద్యోగంలో మస్టరు రోల్స్ రాసిన నాకు మెరెర్ పరాయివాడిలా అనిపించలేదు.

ఆ రాత్రే స్లీపరు రైల్లో లక్సర్‌కు బయలుదేరాం. విదేశీయులకు ఆ టికెట్టు డాలర్లలోనే అమ్మారు. రైలు మూడు గంటలు ఆలస్యంగా చేరింది. రైల్లో ఇచ్చిన భోజనంలో మాకు పనికివచ్చింది రొట్టె, జున్ను, నారింజపండు. శాకాహారులకు ఈజిప్టులో ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, మాకరోనీ కలిపి పైన వేయించిన ఉల్లిపాయలు చల్లే కుషరీ, బాకలా గింజల ఫూల్ ఏ వీధిలోనైనా దొరుకుతాయి. మేం తీసుకువెళ్లిన గోంగూర పచ్చడి ఫూల్‌కు బాగా కుదిరింది.

జనవరి 17న కారులో అబిడోస్ వెళ్లాం. లక్సర్ నుంచి దాదాపు మూడు గంటల ప్రయాణం, కారుకు రోజుకు మూడున్నర వేల పౌండ్లు తీసుకున్నారు. దారిలో చెక్‌పోస్టుల దగ్గర ఆపి మా దేశం, హోటలు వివరాలు రాసుకున్నారు. ఒకచోట అరగంట పైగా ఆగవలసి వచ్చింది. రాజ్యం ఎలా మొదలైందో తెలుసుకోవాలంటే రావలసింది ఇక్కడికే. ఉమ్ ఎల్ కఆబ్ అనే ఇసుక మైదానంలో మొదటి వంశపు రాజులను, వారికంటే ముందరి పాలకులను పాతిపెట్టారు. 1988లో పురావస్తు శాస్త్రవేత్త గుంటర్ డ్రేయర్ తవ్విన ఒక సమాధిలో, సరుకులకు కట్టిన బొటనవేలి గోరంత ఎముక బిళ్లలు దొరికాయి. క్రీ.పూ. 3200 ప్రాంతానికి చెందిన ఆ బిళ్లల మీది గుర్తులు ఈజిప్టులో రాతకు మనకు తెలిసిన తొలి రూపాలు. రాత అక్కడ కవిత్వం కోసమో ప్రార్థన కోసమో మొదలైనట్లు కనిపించదు. ఏ సరుకు, ఎంత, ఎక్కడిది అన్న మూడు ప్రశ్నలకు జవాబుగా మొదలైంది. అదే ప్రాంతంలో నార్మర్ కాలానికి చెందిన బీరు తయారీ కేంద్రం బయటపడినట్టు 2021లో ప్రకటించారు. ఒక్కో విడతకు 22,400 లీటర్లు కాచేవారని అంచనా. అంత ధాన్యం ఒకచోట పోగుచేయగలిగినవాడే రాజయ్యాడు.

ఆ మైదానం దాకా మమ్మల్ని వెళ్లనివ్వలేదు. మొదటి సేతి రాజు ఆలయం వెనుక నిలబడి దూరం నుంచే చూశాం. ఆలయంలోని రాజుల పట్టిక మాత్రం తనివితీరా చూశాను. మెనెస్ మొదలు 76 పేర్లు వరుసగా ఉన్నాయి. హత్షెప్సుత్, అఖెనాతెన్, టుటంఖామన్ పేర్లు లేవు. ఇష్టంలేని వారిని రికార్డు నుంచి తీసేయడం కూడా ఆ రాజ్యం చేసిన పనుల్లో ఒకటి.

తర్వాత అస్వాన్ వెళ్లే దారిలో మోఅల్లా కొండ దగ్గర ఆగాం. అంఖ్‌తిఫి సమాధి తాళం ఒకరి దగ్గర, అనుమతి కాగితం మరొకరి దగ్గర ఉన్నాయి. గంటన్నర ఎండలో కూర్చోవలసి వచ్చింది, కాపలాదారు ఇంటినుంచి టీ తెప్పించాడు. ఆలస్యానికి విసుగు రాలేదని చెప్పలేను. కానీ తలుపు తెరుచుకున్నాక అదంతా మరిచిపోయాను. క్రీ.పూ. 2100 ప్రాంతపు ఈ స్థానిక పాలకుడు స్తంభాల మీద రాయించుకున్నది ఆకలి గురించి. దక్షిణ దేశమంతా ఆకలితో చచ్చిపోతోందని, మనుషులు తమ పిల్లలనే తినే స్థితికి వచ్చారని, తన ప్రాంతంలో మాత్రం ఒక్కరినీ చావనివ్వలేదని చెప్పుకున్నాడు. అందులో గొప్పలు ఎంత పాలో చెప్పలేం గాని, పిరమిడ్లు కట్టిన రాజ్యం కూలిన రోజుల్లో నైలు వరదలు తగ్గాయన్నదానికి ఇతర ఆధారాలున్నాయి. ఉత్తరాన ఉన్న రాజు చేతిలో ధాన్యం లేనప్పుడు జనం ధాన్యం ఉన్నవాడి వైపు తిరిగారు. అక్కడ కూడా ఒక బక్షీసు ఇచ్చి బయటపడ్డాం.

అస్వాన్‌లో జనవరి 20న సర్కారు పడవలో ఎలిఫెంటైన్ దీవికి వెళ్లాం. ఇన్ని వేల కిలోమీటర్లు నేను వచ్చింది అక్కడి నీటిమట్టం మెట్ల కోసమేనంటే అతిశయోక్తి కాదు. సతెత్ దేవత ఆలయం దగ్గర తొంభై మెట్లు నదిలోకి దిగుతాయి. గోడమీద మూర గీతలు. ఒక రాజమూర 52 సెంటీమీటర్ల పైచిలుకు, దాన్ని ఏడు బెత్తెలుగా, బెత్తెను నాలుగు వేళ్లుగా విభజించారు. మోకాళ్ల నొప్పివల్ల నా భార్య పైనే కూర్చుంది. నేను గోడ పట్టుకుని నిదానంగా దిగి ఆ గీతల మీద వేలు పెట్టి చూశాను. ఒక గీత లోతుగా, పక్కది అరిగిపోయి, మధ్యలో మరమ్మతు చేసిన సున్నపు మరక. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మనకు భయం నీరు పెరగడం గురించే. ఇక్కడ తగ్గినా భయమే. వరద పన్నెండు మూరలైతే కరువు, పద్నాలుగైతే సంతోషం, పదహారైతే ఆనందం అని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మరీ పెరిగితే గట్లు తెగి ఊళ్లు మునిగేవి.

వారిది మనలాంటి కాలువల సేద్యం కాదు. వరదనీటిని గట్లు కట్టిన మడుల్లోకి వదిలి, నెలకు పైగా నిలవనిచ్చి, ఒండ్రు దిగాక నీరు తీసి విత్తనం చల్లేవారు. ఏ ఏడు ఎంత నీరు వచ్చిందో ముందే తెలిస్తే పంట ఎంతో, శిస్తు ఎంతో అంచనా వేయవచ్చు. పాలెర్మో రాయిగా పేరుపడిన పాత వార్షిక పట్టికలో రాజులు చేసిన ఉత్సవాల కింద ఆ ఏటి వరద మట్టాన్ని మూరలు, బెత్తెలు, వేళ్లలో చెక్కారు. రాజు ఏం చేశాడో, నది ఎంత పెరిగిందో, రెండూ ఒకే గడిలో ఉన్నాయి. 1970లో హై డ్యాం పూర్తయింది. దాని వెనుక నీరు నిలవడం మొదలైనప్పటినుంచీ ఆ వరద రావడం లేదు. కింద మెట్ల దగ్గర నీరు కదలకుండా ఉంది.

లక్సర్‌కు తిరిగివచ్చి పశ్చిమ తీరంలో బస చేశాం. రాజుల లోయ టికెట్టు అప్పుడు 750 పౌండ్లు పడింది, దానితో మూడు సమాధులు చూడనిచ్చారు. రద్దీ విపరీతం. మా సమయం ఎక్కువగా గడిచింది ఆ సమాధులను చెక్కినవారి ఊరు దెయిర్ ఎల్ మెదీనాలో. జనవరి 23 ఉదయం మేం వెళ్లేసరికి అక్కడ కాపలాదారు, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. గోడ లోపల అరవైకి పైగా ఇళ్లు. మధ్యలో సన్నని వీధి, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తిగిల్లాలి. ముందుగది, మధ్యగది, వంటచోటు, నేలమాళిగ. ఊళ్లో బావి లేదు, నీళ్లు గాడిదల మీద వచ్చేవి. బావి కోసం చాలా లోతుకు తవ్వినా నీరు పడలేదు. ఆ గోతిలో తర్వాత చెత్త పోశారు, ఆ చెత్తలో వేలకొద్దీ రాతిపెంకుల మీద రాసిన చీటీలు దొరికాయి. మామూలు మనుషుల బతుకు ఇంత వివరంగా తెలిసిన ప్రాచీన ఊళ్లు చాలా అరుదు.

రెండో రామ్సెస్ 40వ పాలనా సంవత్సరపు హాజరుపట్టీ ఒకటి ఉంది. పనికి రాకపోవడానికి కారణాలు అందులో రాశారు: ఒకణ్ణి తేలు కుట్టింది, ఒకడు బీరు కాస్తున్నాడు, ఒకడు తల్లి శవానికి గుడ్డలు చుడుతున్నాడు. సెన్నెద్జెమ్ సమాధిలో భర్త గోధుమ వెన్నులు కోస్తుంటే భార్య వెనుకనే నడుస్తూ ఏరుతోంది, ఇద్దరికీ పండగ బట్టలే. నౌనఖ్తె అనే ముసలావిడ తన వీలునామాలో, తనను చూసుకోని పిల్లలకు తన సొంత ఆస్తిలో వాటా లేకుండా చేసింది. ఇది చెప్పగానే నా భార్య ఆ గుమ్మంలో కూర్చుండిపోయి, "అప్పటికే ఆడవాళ్లకు సొంత ఆస్తి, సొంత మాట ఉన్నాయన్నమాట" అంది. ఆ ఊళ్లో ఆవిడకు అన్నిటికంటే నచ్చిన మనిషి నౌనఖ్తెయే.

ఇక్కడి పనివాడికి నెలజీతం నాలుగు ఖార్ల గోధుమ, ఒకటిన్నర ఖార్ల బార్లీ. ఖార్ అంటే 76 లీటర్ల పైచిలుకు. మూడో రామ్సెస్ 29వ పాలనా సంవత్సరంలో ఆ ధాన్యం రాలేదు. పనివారు లోయ కాపలా గోడలు దాటి ఆలయాల దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. "ఆకలి వల్ల, దాహం వల్ల వచ్చాం. బట్టలు లేవు, నూనె లేదు, చేపలు లేవు, కూరలు లేవు. ఫరోకు కబురు పంపండి" అన్న వారి మాటలను లేఖకుడు రాసిపెట్టాడు, ఆ పపైరస్ ఇప్పుడు ఇటలీలోని టురిన్‌లో ఉంది. చరిత్రలో నమోదైన తొలి సమ్మె ఇదేనంటారు.

వాళ్లు వెళ్లిన దారిలోనే మేమూ నడుస్తూ రామెస్సేయం ఆలయానికి వెళ్లాం. కిలోమీటరుకు అటూ ఇటుగా ఉంటుంది, ఎండ ముదరకముందే బయలుదేరాలి. ఆలయం వెనుక వరుసగా పచ్చి ఇటుకల కమానులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అవి గాదెలు. ఇటుకలో కలిపిన ఊక పోచలు ఇంకా కనిపిస్తున్నాయి. గాదెల ముందు కూర్చున్న ఆకలిగొన్న పనివారికి ఆఖరికి కిందటి నెల బకాయి ఇచ్చారు. మళ్లీ ఆలస్యమైంది, మళ్లీ సమ్మె చేశారు. చివరకు ఎడారి దాడుల భయంతో ఆ ఊరు వదిలి మెదీనెత్ హబు ఆలయపు గోడల లోపలికి మారిపోయారు.

విమాన టికెట్లతో సహా ఇద్దరికీ ఖర్చు మూడు లక్షల రూపాయలు దాటింది. అందులో కార్లకు కూడా చాలానే పోయింది, అబిడోస్, మోఅల్లాలకు సామాన్య బస్సులో వెళ్లే వీలు మాకు కనిపించలేదు. జనవరి 24 ఉదయం మెదీనెత్ హబు చూసుకుని, మధ్యాహ్నం కైరో విమానం ఎక్కాం.